పేజీ దాటి చూడటం బడి నేర్పలేదు

విద్యార్థులు ఇంటర్నెట్‌లో మొదట కనబడినదాన్నే నమ్మేస్తున్నారని అంటుంటాం. ఈ జబ్బు సెర్చ్ ఇంజిన్లతో పుట్టింది కాదు. అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే, ఏ నమ్మకాన్నైనా దాని వెనకున్న ఆధారాలతో సరిచూసుకోవడమే ఆలోచన అని రాశాడు. వెంటనే ఒక నిర్ణయానికి రాకుండా కాసేపు సందేహంలో నిలబడగలగడం అందులో ముఖ్యమన్నాడు. 1941లో వెలువడిన అధ్యయనంలో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ గ్లేసర్ దీన్ని హైస్కూలు తరగతుల్లో నేర్పి, ఫలితాన్ని కొలిచి చూపించాడు కూడా.

అయినా బడిని నడిపింది పరీక్షే. పరీక్షలో ప్రశ్న ఇంకెవరిదో, జవాబు ఒక్కటే, అదీ పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం ఎవరు రాశారు, ఏం వదిలేశారు అని అడిగిన పిల్లలకు మార్కులు రావు. 1998లో గూగుల్ మొదలయ్యాక ఈ అలవాటుతోనే పిల్లలు దాని ముందు కూర్చున్నారు. పాఠ్యపుస్తకం ఉన్న చోటికి మొదటి లింకు వచ్చింది, అంతే.

దీనికి ఇంకో చిక్కు తోడైంది. 2015లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు పెద్దవాళ్లతో కొన్ని ప్రశ్నలకు ఇంటర్నెట్‌లో జవాబులు వెతికించారు. ఆ తర్వాత, వాటితో సంబంధంలేని విషయాలను సైతం తాము బాగా వివరించగలమని వాళ్లు అనుకున్నారు. వెతికి చూసినదాన్ని మనకు తెలిసినదానిగా లెక్కేసుకుంటామన్నమాట.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం 2017లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ వెలువరించిన అధ్యయనం. పదిమంది చరిత్రకారులకు, వార్తల్లో నిజానిజాలు తేల్చే పదిమంది నిజనిర్ధారకులకు, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. వాటిలో రెండు పిల్లల వైద్యుల సంఘాలవి. ఒకటి 1930 నుంచి ఉన్న పెద్ద వృత్తి సంఘం. రెండోది దాన్నుంచి 2002లో విడిపోయిన చిన్న వర్గం. ఎక్కువమంది విద్యార్థులు ఆ చిన్న వర్గం సైటునే నమ్మదగినదన్నారు. ఎటూ తేల్చుకోలేకపోయిన చరిత్రకారులూ ఉన్నారు. వాళ్లు చదవడం రానివాళ్లు కాదు. ఇచ్చిన పేజీని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు, బడి మెచ్చుకునే పద్ధతిలోనే! నిజనిర్ధారకులు పేజీని కాస్త చూసి వదిలేశారు. కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. నిమిషాల్లోనే అసలు సంగతి పట్టుకున్నారు.

ఈ పద్ధతి నేర్పితే వస్తుంది. 2022లో వెలువడిన మరో అధ్యయనంలో అమెరికా హైస్కూలు పౌరశాస్త్ర తరగతుల్లో ఆరే ఆరు పాఠాలు చెప్పారు. ఆ పాఠాలు వినని తోటివాళ్లకన్నా విన్నవాళ్లు సైట్లను మెరుగ్గా అంచనా వేయగలిగారు. సిలబస్‌లో ఆ ఆరు పీరియడ్లకు చోటివ్వడం ఇప్పుడు బడులు నడిపేవాళ్ల చేతుల్లో ఉంది.