సర్టిఫికెట్ యంత్రానికి, పరీక్ష మిల్లుకు

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు కొత్త వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు) కొంటే, వాటితో పాటు తయారీదారు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ కూడా వస్తుంది. అందులో అబద్ధమేమీ ఉండదు. కాకపోతే అది ల్యాబ్‌లో, మచ్చలేని సరఫరా మీద, ఒక్క యంత్రానికి చేసిన పరీక్ష. అలాంటివి ఆరు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద, పక్కనే పవర్ ఫ్యాక్టర్ పెంచే పాత కెపాసిటర్ బ్యాంకుతో నడిస్తే ఏమవుతుందో ఆ కాగితం చెప్పదు. మిల్లులో విడిగా పవర్ క్వాలిటీ (కరెంటు నాణ్యత) పరీక్ష చేయించాల్సింది అందుకే.

ఆ పరీక్ష ఎప్పుడు చేయించాలో లోడే చెబుతుంది. కొత్త హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ తీసుకున్నా, కాంట్రాక్ట్ డిమాండ్ పెంచినా, డ్రైవ్‌లు గానీ ఇండక్షన్ ఫర్నేసు గానీ చేర్చినా, కెపాసిటర్లు మార్చినా చేయించాలి. షెడ్డు పైన సోలార్ పెట్టినప్పుడు కూడా. దీన్ని చాలామంది మరిచిపోతారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) 2013 నిబంధనల ప్రకారం ఇన్వర్టర్ గ్రిడ్‌లోకి పంపే డీసీ కరెంటు దాని రేటింగులో 0.5 శాతం దాటకూడదు, హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే కరెంట్లు) ఐఈఈఈ 519 అనే ప్రమాణం హద్దుల్లో ఉండాలి. లోడులో ఇవేవీ మారకపోయినా కెపాసిటర్లు ఉబ్బుతున్నా, ఫ్యూజులు ఊరికే పోతున్నా, న్యూట్రల్ కేబుల్ వేడెక్కుతున్నా ఆలస్యం చేయొద్దు.

కెపాసిటర్ల సంగతి కాస్త వివరంగా చూడాలి. మామూలు సిక్స్ పల్స్ డ్రైవ్ కరెంటును నిదానంగా కాకుండా గుక్కలు గుక్కలుగా తాగుతుంది. దాంతో 50 హెర్ట్జ్ సరఫరాలో 5, 7, 11, 13వ హార్మోనిక్స్, అంటే 250, 350, 550, 650 హెర్ట్జ్ కరెంట్లు పుడతాయి. తాడిపత్రిలో ఒక గ్రానైట్ యూనిట్‌కు 5 శాతం ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు) ఉన్న 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం. 11 కేవీ వైపు ఇంపీడెన్స్ వదిలేస్తే దాని షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 10,000 కేవీఏ. 200 కేవీఏఆర్ కెపాసిటర్లు ఆన్‌లో ఉంటే 10,000ను 200తో భాగించగా 50, దాని వర్గమూలం 7.07. అంటే రెజొనెన్స్ (ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి ఒక ఫ్రీక్వెన్సీని పెంచేసే స్థితి) దాదాపు ఏడో హార్మోనిక్ మీదే పడింది. డ్రైవ్ వదిలే కొద్దిపాటి 350 హెర్ట్జ్ కరెంటు అక్కడ ఎన్నో రెట్లు పెరిగి కెపాసిటర్లను కాల్చేస్తుంది. కెపాసిటర్లను తనంతట తానే ఆన్, ఆఫ్ చేసే ఏపీఎఫ్‌సీ రిలే స్టెప్పులు మార్చిన ప్రతిసారీ ఈ లెక్క మారుతుంది కాబట్టి, అన్ని స్టెప్పుల్లోనూ కొలవాలి.

పవర్ ఫ్యాక్టర్ తగ్గిందని ఇంకో కెపాసిటర్ తగిలించే సలహా ఇక్కడే కొంప ముంచుతుంది. కెపాసిటర్‌కు సిరీస్‌లో 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్ (కాయిల్) పెడితే రెజొనెన్స్ 189 హెర్ట్జ్‌కు, అయిదో హార్మోనిక్ కిందికి దిగుతుంది. అయితే రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద ఓల్టేజీ పెరుగుతుంది: 415 ఓల్టుల లైన్ మీద దాదాపు 446. పాత 440 ఓల్టుల కెపాసిటర్లు దానికి చాలవు, 480 లేదా 525 ఓల్టులవి వేయాలి. రియాక్టర్ ఉన్న స్టెప్పులనూ లేనివాటినీ ఒకే బస్‌బార్ మీద కలపకూడదు.

ఇక సీజన్. దసరా దాటాక పత్తి జోరుగా వచ్చే నెలల్లో కొలిచినదానికే విలువ. ఎండాకాలంలో మిల్లు ఖాళీగా ఉండగా 100 ఆంపియర్ల ఫండమెంటల్ (50 హెర్ట్జ్) కరెంటుకు 40 ఆంపియర్ల హార్మోనిక్స్ తోడైతే మీటరు 40 శాతం టీహెచ్‌డీ (ఫండమెంటల్‌తో పోల్చిన హార్మోనిక్స్ శాతం) చూపించి యజమానిని భయపెడుతుంది. ఐఈఈఈ 519 కరెంటుకు చూసేది టీడీడీని. దాన్ని గరిష్ఠ డిమాండ్ కరెంటు మీద లెక్కిస్తారు. అది 600 ఆంపియర్లయితే అదే 40 ఆంపియర్లు 6.7 శాతమే. అలాగని అది సీజన్ లెక్క కూడా కాదు. డ్రైవ్‌లన్నీ ఎక్కినప్పుడు హార్మోనిక్ ఆంపియర్లూ పెరుగుతాయి.

కొలిచే చోటు డిస్కంతో కలిసే బిందువు, హెచ్‌టీ వినియోగదారుకు సాధారణంగా 11 కేవీ వైపు. అక్కడ ఓల్టేజీ టీహెచ్‌డీ 5 శాతం, ఏ ఒక్క హార్మోనిక్ అయినా 3 శాతం మించకూడదు. ఎల్‌టీలో (లో టెన్షన్‌లో) ఇవి 8, 5 శాతం. టీడీడీ హద్దు సరఫరా బలాన్ని బట్టి 5 నుంచి 20 శాతం వరకు మారుతుంది కాబట్టి డిస్కం నుంచి ఫాల్ట్ లెవెల్ (అక్కడి షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం) ముందే అడిగి తీసుకోవాలి. ఐఈసీ 61000-4-30 క్లాస్ ఎ మీటరును వారం రోజులు పెడితే పది నిమిషాల రీడింగులు 1,008 వస్తాయి. వాటిలో 95 శాతం హద్దులో ఉండాలి. గంటసేపు కొలిచి ఇచ్చే రిపోర్టుకు డబ్బు దండగ.

తప్పులు ఎక్కువగా మీటరు క్లాంపుల (వైరు చుట్టూ బిగించే కరెంటు సెన్సర్ల) దగ్గరే జరుగుతాయి. బాణం గుర్తు లోడు వైపు లేకపోతే కిలోవాట్లు మైనస్‌లో వస్తాయి. 5 ఆంపియర్ల సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీకి 1,000 ఆంపియర్ల ఫ్లెక్సిబుల్ కాయిల్ చుడితే రికార్డయ్యేది నాయిసే, చిన్న క్లాంపు వాడాలి. డిస్కం సీలు వేసిన మీటరింగ్ క్యూబికల్‌ను వాళ్ల మనిషి లేకుండా తెరవొద్దు.

మోటార్లు వేడెక్కితే అన్నిసార్లూ హార్మోనిక్సే కారణం కాదు. మూడు ఫేజుల మధ్య 415, 408, 400 ఓల్టులు వస్తే అసమతుల్యత 1.9 శాతం. 1 శాతం దాటితే చాలు, మోటారును పూర్తి లోడు మీద నడపొద్దని అమెరికా నెమా ప్రమాణం అంటుంది. సింగిల్ ఫేజ్ లోడ్లను ఫేజుల మధ్య సమంగా పంచడానికి ఖర్చేమీ ఉండదు, ముందు ఆ పని చేయండి.

రిపోర్టులో ఆ వారం ఏయే యంత్రాలు, ఎన్ని కెపాసిటర్ స్టెప్పులు ఎప్పుడు నడిచాయో రాసి లేకపోతే దాన్ని వెనక్కి పంపండి. రియాక్టర్లు బిగించాక మళ్లీ వారం కొలిచినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆ వివరాలే కావాలి.