రాళ్లను ఆపే స్టీల్ వలలు: అపోహలు - వాస్తవాలు

కొండ పక్క నుంచి వెళ్లే రోడ్ల మీద, రైలు పట్టాల పైభాగాన, సొరంగాల ముఖద్వారాల దగ్గర ఇనుప స్తంభాల మధ్య వేలాడే స్టీల్ వలలు చూసే ఉంటారు. దొర్లి వచ్చే బండరాయి రోడ్డు మీదకో పట్టాల మీదకో రాకుండా మధ్యలోనే పట్టుకోవడం వాటి పని. రాక్‌ఫాల్ బారియర్లు అంటాం. వాటి డిజైన్, బిగింపు, తనిఖీ నా వృత్తి. పనిలో చాలా సమయం, వలల గురించి ముందే ఏర్పడిపోయిన అభిప్రాయాలను సరిచేయడానికే పోతుంది. పని అప్పగించేవాళ్లకే కాదు, ఏళ్ల అనుభవం ఉన్న సివిల్ ఇంజనీర్లకూ ఈ అపోహలున్నాయి.

అపోహ: వల ఎంత బిర్రుగా ఉంటే అంత బలం

సైట్ చూడటానికి వచ్చినవాళ్లు ముందుగా చేసే పని వలను చేత్తో పట్టుకుని ఊపడం. "ఇంత వదులుగా వదిలేశారేంటి, ఇంకాస్త బిగించకూడదా?" అని అడుగుతారు. దీనికంటే మందపాటి కాంక్రీట్ గోడ కట్టేస్తే పోయేది కదా అనేవాళ్లూ ఉంటారు.

లెక్క చూద్దాం. ఒక ఘనపు మీటరు గట్టి రాయి బరువు సుమారు 2.7 టన్నులు. అది సెకనుకు 25 మీటర్ల వేగంతో, అంటే గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. దాని గతిశక్తి దాదాపు 840 కిలోజౌళ్లు. ఆ శక్తిని అర మీటరు దూరంలో ఆపేయాలంటే సగటున 170 టన్నుల బరువుకు సమానమైన బలం కావాలి. అదే 5 మీటర్ల దూరంలో నెమ్మదిగా ఆపితే 17 టన్నులు చాలు. గరిష్ఠ బలం సగటు కంటే ఎక్కువే ఉంటుంది కానీ, నిష్పత్తి మాత్రం ఇదే. వేగంగా వచ్చే బంతిని చేతులు వెనక్కి లాక్కుంటూ పట్టుకోవడం లాంటిదే ఇది.

అందుకే ఈ వ్యవస్థలో ప్రతి భాగమూ లొంగేలా తయారవుతుంది. రాయి తగలగానే వల సంచిలా ముందుకు సాగుతుంది. వలను మోసే పై తాడు, కింది తాడు బిగుసుకుంటాయి. ఆ వైర్ రోప్‌ల చివర్లలో బ్రేకులుంటాయి. బలం ఒక హద్దు దాటగానే అవి వంగడమో, సాగడమో, జారడమో చేసి శక్తిని మింగేస్తాయి. స్తంభాలు కూడా నేలలో పాతుకుపోయి ఉండవు. చాలా రకాల్లో పునాది దగ్గర కీలు ఉంటుంది, పైకొన నుంచి కొండ వైపుకు లాగి కట్టిన తాళ్లు వాటిని నిలబెడతాయి. మొదటి తాకిడి నుంచి రాయి ఆగేదాకా ఇదంతా అర సెకను లోపే అయిపోతుంది. బాగా బిగించిన వలలో సాగడానికి చోటు ఉండదు. ఆ బలమంతా నేరుగా తాళ్ల మీదకూ, వాటిని నేలకు పట్టి ఉంచే యాంకర్ల మీదకూ వెళ్తుంది.

వైరు సన్నగా ఉందని భయపడేవాళ్లకు ఒక మాట: ఈ వలల్లో వాడే హై టెన్సైల్ వైరు తన్యబలం సాధారణంగా చదరపు మిల్లీమీటరుకు 1,770 న్యూటన్ల స్థాయిలో ఉంటుంది. మామూలు కంచె వైరుకు ఇది మూడు రెట్లకు పైనే.

గోడలు, మట్టికట్టలు పనికిరావని కాదు. స్థలం ఉన్నచోట, భారీ రాళ్లు పదేపదే వచ్చేచోట మంచి మట్టికట్ట వల కంటే మేలు. కాంక్రీట్ గోడను మాత్రం ఇంత శక్తికి ఎదురు నిలబెట్టడానికి నేను ఇష్టపడను. పగిలితే ఆ ముక్కలు కూడా రోడ్డు మీదే పడతాయి.

అపోహ: 2,000 కిలోజౌళ్ల వల అంటే, అంత శక్తి ఉన్న రాయి ఎలా తగిలినా ఆగుతుంది

ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదేనని నా అభిప్రాయం. టెండర్లలో కిలోజౌళ్ల అంకె ఒక్కటే రాసి ఊరుకుంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడరు.

ఈ వలలను నిజమైన సైజులో పరీక్షించడానికి స్విట్జర్లాండ్ 2001లో మార్గదర్శకాలు తెచ్చింది. వాలెన్‌స్టాట్ దగ్గరున్న రాతి గనిలో కాంక్రీట్ దిమ్మలను కింద అమర్చిన వలల్లోకి పైనుంచి నిటారుగా వదులుతారు. యూరప్ మొత్తానికీ 2008లో ఈటాగ్ 027 అనే పరీక్ష నిబంధనల పత్రం వచ్చింది. 2018లో దాని స్థానంలో ఈఏడీ 340059 అనే పత్రం వచ్చింది. పరీక్ష పద్ధతి స్థూలంగా ఇదీ: మూడు గళ్ల వలను (రెండు స్తంభాల మధ్య భాగం ఒక గడి) అమర్చి, సెకనుకు కనీసం 25 మీటర్ల వేగంతో దిమ్మను మధ్య గడి నడిబొడ్డున కొడతారు. రెండు స్థాయిలుంటాయి. గరిష్ఠ స్థాయిలో ఒక్క దెబ్బ. సర్వీస్ స్థాయిలో వరుసగా రెండు దెబ్బలు, ఒక్కోటీ గరిష్ఠ శక్తిలో మూడో వంతు. సర్వీస్ స్థాయి మొదటి దెబ్బ తర్వాత వల ఎత్తు కనీసం 70 శాతం మిగలాలి. గరిష్ఠ దెబ్బ తర్వాత మిగిలిన ఎత్తును బట్టి ఎ, బి, సి అని తరగతులిస్తారు. 50 శాతం, ఆపైన మిగిలితే ఎ, 30 శాతం కంటే తక్కువైతే సి.

కాబట్టి 2,000 కిలోజౌళ్ల వలలో, రెండు రాళ్లు వెంటవెంటనే వస్తే నమ్మకంగా లెక్కలోకి తీసుకోగలిగింది ఒక్కోదానికి సుమారు 670 మాత్రమే. గరిష్ఠ దెబ్బ తిన్న సి తరగతి వల మీదుగా తర్వాతి రాయి దూకి వెళ్లిపోవచ్చు. రాళ్లు గుంపుగా పడే కొండల దగ్గర నేను మొదట చూసేది సర్వీస్ స్థాయినే. ఇద్దరు తయారీదారుల ధరలు పోల్చేటప్పుడు ఈ తరగతిని కూడా పక్కన పెట్టుకుని చూడండి, కొన్నిసార్లు చవక ఎందుకు చవకో అక్కడే తెలిసిపోతుంది.

ఇక పరీక్షలో దిమ్మ ఎప్పుడూ మధ్యలోనే తగులుతుంది. కొండ మీద రాయి స్తంభానికి తగలొచ్చు, పై తాడును రాసుకుంటూ పోవచ్చు, చివరి గడిలో పడొచ్చు. ఆ చోట్ల వల సామర్థ్యం ఒకేలా ఉండదు. అందుకే వరుసను ప్రమాద ప్రాంతం అంచు దగ్గరే ఆపేయకుండా రెండు వైపులా కొంత దూరం పొడిగించాలి. వంపులో వరుసను విడగొట్టాల్సి వస్తే రెండు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి కొంత దూరం వచ్చేలా వేయాలి.

మరో విచిత్రం చిన్న రాయి. మొత్తం శక్తి తక్కువే అయినా, చిన్నగా ఉండి వేగంగా వచ్చే రాయి ఒకే చోట పొడిచి వలను చీల్చుకుని పోవచ్చు. దీన్ని బుల్లెట్ ఎఫెక్ట్ అంటారు. వల సాగేలోపే పని అయిపోతుంది, బ్రేకులు కదలను కూడా కదలవు. కాబట్టి కిలోజౌళ్లు సరిపోయాయని రాళ్ల సైజు చూడకుండా వదిలేయకూడదు. స్టీల్ రింగులను కలిపి అల్లిన వలకు సన్న కన్నుల మెష్ కూడా వేసేది మాత్రం వేరే పనికి, రింగుల్లోంచి దూరిపోయే చిన్న ముక్కలను ఆపడానికి.

పెద్ద అంకెల మీద మోజున్నవాళ్లకు: 2017లో వాలెన్‌స్టాట్‌లో 25 టన్నుల దిమ్మను ఒక వల ఆపింది, అది 10,000 కిలోజౌళ్ల స్థాయి. గొప్ప విషయమే. అయితే అలాంటి వల వేయడానికి తగ్గ నేల, యాంకర్లు, సాగడానికి స్థలం మీ వాలు మీద ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న.

అపోహ: రోడ్డుకు ఆనుకుని వేస్తే బిగించడం సులువు, ఖర్చూ తక్కువ

బిగించడం సులువే. కానీ పెద్ద సామర్థ్యం ఉన్న వల రాయిని ఆపే క్రమంలో ఐదారు మీటర్లు ముందుకు సాగొచ్చు. వలకూ రోడ్డుకూ మధ్య ఆ దూరం ఖాళీగా లేకపోతే, రాయి వలతో సహా వచ్చి బస్సును తాకుతుంది. పరీక్ష నివేదికలో గరిష్ఠ సాగుదల ఎంతో రాసి ఉంటుంది. రోడ్డు అంచుకూ వలకూ మధ్య దూరం దానికంటే ఎక్కువ ఉండాలి, పైన కొంత అదనం వదలాలి.

చోటు మార్చితే సామర్థ్యం కూడా మారుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది కాబట్టి, రాయి వేగం పుంజుకోకముందే పట్టుకుంటే చిన్న వల సరిపోతుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ చెప్పిన ఎత్తే ఎత్తు

రాళ్ల దారులను వేల సంఖ్యలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు మంచివే, నేనూ వాడతాను. వాటిలో వచ్చిన గెంతుల ఎత్తుల్లో సాధారణంగా 95 శాతాన్ని కప్పే ఎత్తు తీసుకుని, రాయి సైజును బట్టి కొంత కలుపుతారు. చిక్కంతా లోపల ఇచ్చే అంకెలతో. నేల ఎంత గట్టిది, రాయి ఎంత ఎగురుతుంది, ఎంత పెద్ద రాయి ఊడుతుంది అన్నవి మనమే ఇస్తాం. అక్కడ కొద్దిగా మారితే గెంతు ఎత్తు చాలా మారుతుంది. అందుకే రంగురంగుల గ్రాఫుల కంటే చెట్ల కాండాల మీద రాళ్లు కొట్టిన మచ్చలను ఎక్కువ నమ్ముతాను. ఆ మచ్చ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవొచ్చు. వాలు అడుగున ఇప్పటికే పడి ఉన్న రాళ్ల సైజులు, అవి ఆగిన దూరాలు కూడా అంతే విలువైనవి. వాటితో సరిపోలని సిమ్యులేషన్‌ను మళ్లీ చేయాల్సిందే.

అపోహ: వల ఉంటే కొండచరియలు విరిగిపడినా భయం లేదు

విడిగా ఊడిపడే రాళ్లకే ఈ బారియర్లు. కొండ ముఖమే జారితే ఏ రాక్‌ఫాల్ వలా ఆగదు. వాలును కప్పుతూ వేలాడదీసే మెష్ వేరు, అది రాయిని ఆపదు, కిందిదాకా అదుపులో దింపుతుంది. మేకులు దింపి వాలుకు అదిమిపట్టే మెష్ ఇంకో పద్ధతి. వాగుల్లో బురద, రాళ్లు కలిసి వచ్చే ప్రవాహాన్ని ఆపే వలలు కూడా ఉన్నాయి కానీ, వాటి మీద పడే ఒత్తిడి వేరు కాబట్టి డిజైన్ కూడా వేరు.

అపోహ: సర్టిఫికెట్ ఉన్న వల కొన్నాం, ఇక పని అయిపోయినట్టే

సర్టిఫికెట్ వల వ్యవస్థకు ఇస్తారు, మీ నేలకు కాదు. పరీక్షలో తాళ్లలో ఎంత బలం వచ్చిందో నివేదికలో ఉంటుంది. ఆ బలాన్ని మీ సైట్‌లోని నేల మోస్తుందా అన్నది మీరే తేల్చాలి. గట్టి బండలో రెండు మూడు మీటర్ల యాంకర్ మోసే బలాన్ని, వదులు రాళ్ల గుట్టలో అంతకు ఎన్నో రెట్లు పొడవున్నదీ మోయకపోవచ్చు. పైగా అలాంటి నేలలో యాంకర్ చుట్టూ పోసిన గ్రౌట్ (పలుచని సిమెంటు ముద్ద) సందుల్లోకి పారిపోతుంది, రంధ్రం నోటిదాకా నిండనే నిండదు. గ్రౌట్‌ను పట్టి ఉంచే గుడ్డ తొడుగు అక్కడ వాడాలి. అసలు పని మొదలుపెట్టకముందే విడిగా కొన్ని యాంకర్లు వేసి, లాగి చూసే పరీక్ష చేయాలి. గడువు ముంచుకొస్తే అందరూ ముందు ఎగ్గొట్టేది దీన్నే.

యాంకర్ తల రకం కూడా ముఖ్యమే. రాయి తగిలినప్పుడు తాడు లాగే దిశ మారుతుంది. వైర్ రోప్‌తో చేసిన యాంకర్ ఆ దిశకు వంగుతుంది. గట్టి కడ్డీ అయితే మెడ దగ్గర వంపు భారం పడుతుంది.

ఇక క్లిప్పులు. వైర్ రోప్ మడిచి బిగించే చోట యు ఆకారపు బోల్టు తాడు కత్తిరించిన పొట్టి కొస వైపు ఉండాలి, జీను భాగం, అంటే ఆ బోల్టుకు ఎదురుగా తాడును పట్టే దిమ్మ, బరువు మోసే తాడు వైపు. తిరగేసి బిగిస్తే బరువు మోసే తాడే నలుగుతుంది. తనిఖీకి వెళ్తే నేను ముందు చూసేది ఇదే. ఒక కంపెనీ వలకు ఇంకో చోట చేయించిన బ్రేకులు తగిలించడం కూడా అలాంటి తప్పే. సైజు సరిపోవచ్చు, కానీ పరీక్షలో నెగ్గింది ఆ భాగాలన్నీ కలిసిన వ్యవస్థ. ఒకటి మార్చినా ఆ కిలోజౌళ్ల అంకెకు అర్థం ఉండదు.

అపోహ: ఒకసారి బిగిస్తే పాతికేళ్లు చూడక్కర్లేదు

యూరోపియన్ పద్ధతిలో సాధారణంగా అనుకునే ఆయుర్దాయం 25 ఏళ్లే, అదీ దెబ్బలు తగలకుండా, తుప్పు పెద్దగా పట్టని వాతావరణంలో. వైర్ల మీద 95 శాతం జింక్, 5 శాతం అల్యూమినియం పూత ఉన్నా, సముద్రపు గాలి తగిలే చోట ఆ లెక్క తగ్గుతుంది.

బ్రేకు సాగి కనిపిస్తే వల పాడైందని ఫోన్లు వస్తాయి. పాడవలేదు, పని చేసింది. ఎంత సాగిందో కొలిచి, మిగిలిన నిడివి చాలకపోతే దాన్ని మార్చాలి. నిజంగా భయపడాల్సింది మెల్లగా పేరుకునే రాళ్లు, మట్టి, కొమ్మలను చూసి. వాటి బరువుకు వల ముందే కిందికి సాగి, ఎత్తు తగ్గి, బ్రేకుల నిడివి కొంత ఖర్చయిపోయి ఉంటుంది. కింది తాడు అడుగున నేలను వాన నీరు కోసేస్తే అక్కడ సందు పడుతుంది, రాయి దాని కింద నుంచే పోతుంది. పెద్ద వానల తర్వాత, మంచు కరిగాక ఒకసారి నడిచి చూడటం తప్పనిసరి.

చిక్కుకున్న రాయిని తీయడమైతే పూర్తిగా వేరే పని. రాయి బరువుతో బిగుసుకున్న తాడును కోయకూడదు, క్లిప్పు వదలకూడదు. తెగిన తాడు కొరడాలా తిరిగి మనిషిని కొడుతుంది. ముందు పైవాలులో ఊగిసలాడే రాళ్లేమైనా ఉన్నాయా చూసుకుని, వలకు ఎదురుగా ఎవరూ లేకుండా చేసి, కింది రోడ్డు ఆపించి, కొండ వైపు నుంచే రాయిని పగలగొట్టి ముక్కలుగా తీయాలి. దానికి మనుషులు, యంత్రాలు ఆ చోటికి చేరే దారి కావాలి. ఆ దారిని డిజైన్ కాగితాల మీదే గీయమని, తీసే ఖర్చును మొదటి అంచనాలోనే చేర్చమని అడుగుతాను.