సీపీయూ ఖాళీ, అయినా సర్వర్ నత్తనడక

సర్వర్ స్లో అయిందని ఫోన్ రాగానే చాలామంది చేసే మొదటి పని టాప్ (top) కమాండ్ కొట్టి లోడ్ యావరేజ్, అంటే మెషిన్ మీద సగటున ఎన్ని పనులు ఉన్నాయో చెప్పే అంకె, చూడటం. నాలుగు కోర్ల మెషిన్ మీద 20 కనబడితే ఇంకేముంది, సీపీయూ చాలట్లేదు, పెద్ద మెషిన్ తీసుకుందాం అనేస్తారు. కాస్త ఆగండి. లినక్స్‌లో ఆ అంకె సీపీయూ కోసం నిలబడ్డ పనుల్నే కాదు, డిస్క్ నుంచి డేటా వచ్చేదాకా కదలకుండా కూర్చున్న పనుల్ని కూడా కలిపి లెక్కపెడుతుంది, 1993 నుంచీ అంతే. అంటే సీపీయూ దాదాపు ఖాళీగా ఉన్నా లోడ్ 20 చూపించొచ్చు!

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ప్రోగ్రాం పనిచేస్తూ ఆలస్యమవుతోందా, ఎదురుచూస్తూనా? వీఎంస్టాట్ 1 (vmstat 1) అని కొట్టండి, మెషిన్ పరిస్థితిని సెకనుకో వరుసగా చూపిస్తుంది. మొదటి వరుస వదిలేయండి, అది మెషిన్ బూట్ అయినప్పటి నుంచి సగటు. ఆ తర్వాతి వరుసల్లో 'ఆర్' (r) కాలమ్, అంటే సీపీయూ మీద నడుస్తున్న, దానికోసం ఆగిన పనుల సంఖ్య, కోర్ల సంఖ్య దాటి నిలకడగా ఉంటే సీపీయూ దగ్గర క్యూ ఉన్నట్టు. అప్పుడు ప్రొఫైలర్ వాడండి, ఏ ఫంక్షన్ సమయం తింటోందో అదే చూపిస్తుంది. (ప్రొఫైలర్ ప్రోగ్రాం ఏం చేస్తోందో మధ్యమధ్యలో తొంగిచూస్తుంది, అదే శాంపిల్. సెకనుకు 100 కాకుండా 99 సార్లు శాంపిల్ తీసుకోవడం మంచి అలవాటు, సెకనుకు సరిగ్గా 100 సార్లు జరిగే పని ఏదైనా ఉంటే దానితో తాళం కలిసి లెక్క తప్పకుండా.)

'బీ' (b) కాలమ్, అంటే డిస్క్ లాంటి వాటికోసం కదలకుండా ఆగిన పనుల సంఖ్య, పెరిగితే చూపు డిస్క్ వైపు తిప్పాలి. ర్యామ్ నుంచి చదవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్క్‌లో 10 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు, లక్ష రెట్లు. పైగా డిస్క్ ఆలస్యాల సగటు మాత్రమే చూస్తే అసలు సంగతి దాక్కుంటుంది. 2008లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీర్ డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిస్తే ఆ కుదుపుకే కొన్ని డిస్క్ పనులు బాగా ఆలస్యమయ్యాయి, ఆలస్యాలను విడివిడిగా చూపే గ్రాఫ్ ఉంది కాబట్టి కనబడింది.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది రెండు కాలమ్‌లూ ప్రశాంతంగా ఉన్నప్పుడు. ఆర్డర్ల పేజీ ఒకటి తెరిస్తే ఒక్కో ఆర్డర్‌కూ కస్టమర్ పేరు విడిగా డేటాబేస్‌ని అడుగుతోందనుకుందాం: 800 క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు), ఒక్కోటి 3 మిల్లీసెకన్లు, మొత్తం 2.4 సెకన్లు. విడిగా ఏ క్వెరీ స్లో కాదు కాబట్టి ఎక్కువ సమయం తీసుకున్న క్వెరీల్ని రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ ఖాళీ, ప్రొఫైలర్‌కి నిద్రపోతున్న ప్రోగ్రాం కనబడదు. ఒక్క రిక్వెస్ట్‌ని మొదటి నుంచి చివరిదాకా ట్రేస్ చేస్తేనే, అంటే అది వేసే ప్రతి అడుగునీ వెంబడిస్తేనే, ఆ 800 బయటపడతాయి. పెద్ద మెషిన్ కొన్నా ఆ 2.4 సెకన్లు దాదాపు అలాగే ఉంటాయి, వాటిని ఒకే క్వెరీగా కలిపితే పోతాయి.