రష్యన్ రిడ్జ్ ఎక్కబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

కాలిఫోర్నియాలో ఉంటున్న మీరంతా కలిసి రష్యన్ రిడ్జ్ అనే కొండ ఎక్కాలనుకుంటున్నారని తెలిసి సంతోషించాను. పై నుంచి పసిఫిక్ సముద్రం కనిపిస్తుందనే ఆశతోనే కదా వెళ్తున్నారు. అందుకని ముందు సముద్రం సంగతే చెబుతాను. జూలైలో పొద్దున్నే వెళ్తే చాలాసార్లు మీకు సముద్రం కనబడదు. దాని మీద దూదిపరుపులా పరుచుకున్న తెల్లటి ఫాగ్ మాత్రం కనబడుతుంది.

ఎందుకలా అంటే, వేసవిలో అక్కడి తీరం వెంట వాయవ్యపు గాలి వీస్తుంది. అది ఒడ్డు దగ్గరి పైనీటిని నడిసముద్రం వైపు తోసేస్తుంటే, ఆ చోటు నింపడానికి అడుగునుంచి చన్నీళ్లు పైకి వస్తాయి. తేమగాలి ఆ చన్నీళ్ల మీదుగా వచ్చేటప్పుడు చల్లబడి మబ్బు కడుతుంది. దాని నెత్తిన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది కాబట్టి ఆ మబ్బు పైకి లేవలేదు. ఆ మూత చాలా రోజులు 1,000 నుంచి 2,000 అడుగుల మధ్య ఉంటుంది. రష్యన్ రిడ్జ్ మీద మీరు ఎక్కబోయే శిఖరం బోరెల్ హిల్ ఎత్తు 2,572 అడుగులు. అంటే మీరు మూత పైన ఎండలో ఉంటారు, కింద తీరాన హాఫ్ మూన్ బే అనే ఊళ్లో జనం స్వెటర్లు వేసుకుని తిరుగుతుంటారు. అదీ చూడదగ్గ దృశ్యమే. కొండల మధ్య సందుల్లోకి ఆ తెలుపు నాలుకలు చాపుకుని వస్తుంటే గంటసేపు కూర్చుని చూడవచ్చు. కానీ నీళ్లే చూడాలంటే చలికాలంలో వాన వెలిసిన మర్నాడో, అక్టోబరులోనో, ఏప్రిల్‌లో గాలి శుభ్రంగా ఉన్న రోజునో వెళ్లాలి. బయలుదేరే ముందు ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం ఒకసారి చూసుకోండి. తీరం వెంట తెల్లటి పట్టీ ఉంటే ఆ రోజు ఫాగ్ రోజన్నమాట.

ఇంకో మాట. పైకి ఎక్కగానే తూర్పున పెద్ద నీళ్లు కనిపిస్తాయి. అది శాన్ ఫ్రాన్సిస్కో బే, సముద్రం కాదు. చాలామంది దాన్నే సముద్రమనుకుని ఫొటోలు దిగి వచ్చేస్తారు. అటువైపు దూరంగా ఒంటరిగా నిలబడి ఉన్నది మౌంట్ డయాబ్లో, 3,849 అడుగులు. ఆగ్నేయంగా మౌంట్ హామిల్టన్ మీద చిన్న తెల్లచుక్కల్లా కనిపించేవి నక్షత్రాలను పరిశీలించే లిక్ అబ్జర్వేటరీ గుమ్మటాలు. సముద్రం కోసం వాటికి వీపు పెట్టి నిలబడండి. అడవి నిండిన కొండలు ఒకదాని వెనక ఒకటి దిగిపోతూ పోయి, అన్నిటికన్నా చివర, ఆకాశం అంచున ఒక నీలం పట్టీ ఉంటుంది. ఒడ్డు మీకు పది, పన్నెండు మైళ్ల దూరం. అలలు కనిపించవు, చప్పుడు వినబడదు. కానీ ఆ పట్టీ అవతలి అంచు ఎంత దూరమో మీరే లెక్క కట్టవచ్చు. ఎత్తును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.22తో గుణిస్తే, నీళ్ల అంచు ఎన్ని మైళ్ల దూరంలో ఉందో వస్తుంది. బీచ్‌లో నిలబడినప్పుడు మీ కన్ను నాలుగడుగుల ఎత్తులో ఉందనుకోండి: వర్గమూలం 2, దూరం రెండున్నర మైళ్లకు లోపే. బోరెల్ హిల్ మీద వర్గమూలం దాదాపు 51, దూరం 62 మైళ్లు! భూమి గుండ్రంగా ఉందని పుస్తకంలో చదివారు. ఆ కొండ మీద దాన్ని కళ్లతో కొలుస్తారు. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, ఇక్కడ సముద్రంలోకి దిగుతాడు. రెండూ చూసిన పిల్లలు మీలో ఒకరిద్దరైనా ఉంటారు.

ఇక దారి. హైవే 280 నుంచి పేజ్ మిల్ రోడ్డు పట్టుకుని పైకి వెళ్తే స్కైలైన్ బులవార్డ్, అంటే హైవే 35 తగులుతుంది. అక్కడి నుంచి అదే రోడ్డు ఆల్పైన్ రోడ్డవుతుంది. ఆ కూడలి దాటగానే కుడివైపు పార్కింగ్. డబ్బు కట్టక్కర్లేదు. మరుగుదొడ్డి ఉంది, తాగునీళ్లు లేవు. పేజ్ మిల్ రోడ్డంతా వంపులే. వెనక సీట్లో ఫోన్ చూస్తూ కూర్చున్నవాళ్లకు సగం దారిలోనే కడుపులో తిప్పుతుంది. కిటికీలోంచి ముందుకు చూడండి, నిండా తిని ఎక్కకండి. నీళ్లు మనిషికి గంటకు అర లీటరు చొప్పున పట్టుకెళ్లండి. పైన నీడ లేదు కాబట్టి టోపీ తప్పనిసరి. గాలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. సముద్రం మీంచి వచ్చిన గాలి కొండ వాలుకు కొట్టుకుని పైకి లేవాల్సిందే, ఆ గాలి మీదే గద్దలు రెక్క ఆడించకుండా ఒకేచోట నిలబడతాయి. మనకేమో చెమట ఆరగానే చలి పుడుతుంది. అందుకని ఎండాకాలమైనా నడుముకు ఒక జాకెట్ కట్టుకోండి. పులిహోర బాగా నిలుస్తుంది. పెరుగన్నం మాత్రం ఎండలో పాడవుతుంది, వద్దు.

ఈ నేలను కాపాడుతున్నది మిడ్‌పెనిన్సులా రీజినల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్. 1972లో అక్కడి ప్రజలే ఓట్లేసి ఏర్పాటు చేసుకున్న సంస్థ ఇది. ఇలా కాపాడే నేలను ప్రిజర్వ్ అంటారు, ఈ ఒక్క ప్రిజర్వే మూడు వేల ఎకరాలకు పైన ఉంటుంది. గత శతాబ్దం మొదటి సగంలో ఇక్కడ పాడి పశువులు పెంచిన ఒక రష్యన్ వలసదారు వల్ల ఆ పేరొచ్చింది.

పార్కింగ్ దగ్గర మ్యాప్ ఉంటుంది, ఫొటో తీసుకోండి. పైన సిగ్నల్ నమ్మకం లేదు. బే ఏరియా రిడ్జ్ ట్రైల్ గుర్తు పట్టుకుని ఉత్తరానికి నడిస్తే మైలు, మైలున్నరలో బోరెల్ హిల్. తిరుగుదారిలో ఏన్షియంట్ ఓక్స్ ట్రైల్‌లోకి మళ్లితే, ఎండలోంచి ఒక్కసారిగా నాచు పట్టిన ముసలి ఓక్ చెట్ల కిందికి వస్తారు. చిన్నవాళ్లతో రెండున్నర గంటలు పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు వస్తే వాళ్లను పైకి లాక్కెళ్లకండి. పార్కింగ్ నుంచి ఆల్పైన్ రోడ్డు కిందుగా సొరంగం ఉంది, దాటితే ఆల్పైన్ పాండ్. ఆ చెరువు చుట్టూ దారి చదునుగా ఉంటుంది.

ఆ దారి కూడా ఒకరు తీర్చినదేనని గుర్తుంచుకోండి. కొండవాలు మీద నడుస్తూ ఒకచోట ఆగి, కాలిబాటను పక్కనుంచి చూడండి. కొండవైపు కొంచెం ఎత్తుగా, లోయవైపు కొంచెం పల్లంగా ఉంటుంది. వానపడితే నీళ్లు బాట వెంట పారకుండా అడ్డంగా జారి గడ్డిలోకి పోవాలని అలా చెక్కుతారు. వంపు దగ్గర మీరు అడ్డదారిన దూకితే అక్కడ గడ్డి చచ్చి నిట్టనిలువు గాడి పడుతుంది. మొదటి వానకు నీళ్లు ఆ గాడిలోనే పరుగెత్తుతాయి, రెండు చలికాలాలకు అది మోకాలి లోతు అవుతుంది. బురద గుంట వచ్చినా అంతే. బూట్లు పాడవుతాయని పక్కనుంచి నడిస్తే బాట వెడల్పవుతూ పోతుంది. నడిమధ్య నుంచే నడవండి, బూట్లు ఇంటికొచ్చి కడుక్కోవచ్చు. పెద్ద వాన పడితే ఒకరోజు ఆగి వెళ్లండి.

ఏప్రిల్, మే నెలల్లో ఆ వాలంతా కాలిఫోర్నియా పాపీలు, లూపిన్‌లు పూస్తాయి. పాపీ ఎండ పడితేనే విచ్చుకుంటుంది. పొద్దున ఎనిమిదింటికి గొడుగు మడిచినట్టు ముడుచుకుని ఉంటుంది, పదకొండు గంటలకు వెళ్లండి. పూలలో కూర్చుని ఫొటో దిగకండి. విత్తనం కట్టకముందే నలిగిన మొక్క వచ్చే ఏటికి ఏమీ మిగల్చదు.

సైకిళ్లకు, గుర్రాలకు కూడా ఇక్కడ చాలా బాటలు ఉన్నాయి. గుర్రం వస్తే అందరూ ఆగి దారివ్వాలి, ఎదురుగా మెల్లగా మాట్లాడండి, వెనకనుంచి పరుగెత్తకండి. కుక్కలను తీసుకురానివ్వరు.

పాయిజన్ ఓక్ అనే విషపు మొక్క గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మారేడు దళం చూశారు కదా, అలాగే మూడేసి ఆకులు కలిసి ఉంటాయి, నడిమి ఆకుకు కాడ పొడుగు. అంచులు మాత్రం వంకీలుగా ఉంటాయి. వసంతంలో నిగనిగలాడుతుంది, వేసవి చివర ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసి ముచ్చటపడి పిల్లలు కోస్తారు. చలికాలంలో ఆకులు రాలి వట్టి పుల్లలే ఉంటాయి, అవీ ప్రమాదమే. ఇది నిజంగా ఓక్ జాతి కాదు, మన మామిడి, జీడిమామిడి కుటుంబంలోది. మామిడి సొన అంటుకుంటే మూతి పొక్కినట్టే దీని జిడ్డుకూ ఒళ్లు పొక్కుతుంది, కాకపోతే ఎన్నో రెట్లు ఎక్కువ. జిడ్డు అంటిన వెంటనే ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజులకు దద్దురు లేస్తుంది. తగిలిందని అనుమానం వస్తే చన్నీళ్లతో, సబ్బుతో గుడ్డ పెట్టి రుద్ది కడగండి, గోళ్ల సందులు కూడా. పొక్కులోని నీరు వల్ల అది పాకదు. బట్టల మీద, బూటు తాళ్ల మీద మిగిలిన జిడ్డు వల్ల పాకుతుంది, కాబట్టి వాటినీ ఉతకాలి.

సూర్యాస్తమయం చూడాలని ఉంటే ఒక లెక్క వేసుకోండి. ప్రిజర్వ్ పొద్దు గుంకిన అరగంటకు మూసేస్తారు. శిఖరం మీద సూర్యుడు మునిగేదాకా నిలబడితే, చిన్నవాళ్లతో అరగంటలో కారు దగ్గరికి చేరడం కష్టం, అందులోనూ చీకట్లో. డిసెంబరులో పొద్దు ఐదు కాకముందే వాలుతుంది. అందుకని శిఖరం ముందే చూసి దిగి, పార్కింగ్‌కు పది నిమిషాల దూరంలో ఏదైనా పడమటి తెరిపిలో కూర్చోండి.

ఇంటికి రాగానే స్నానానికి ముందు ఒకరినొకరు పిడుదుల కోసం వెతుక్కోవాలి. పెద్దది నువ్వుగింజంత, పిల్లది గసగసాల గింజంత. గడ్డి కొసన ముందుకాళ్లు చాపుకుని కూర్చుని తగిలినవాళ్లకు అంటుకుంటాయి. చెవుల వెనక, చంకల్లో, మోకాలి మడతల్లో, జుట్టు మొదళ్లలో చూడండి. కరుచుకుని ఉంటే సన్నని చిమటాతో చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల, పసుపు ఏవీ వద్దు. తీశాక సబ్బుతో కడిగి తేదీ రాసిపెట్టుకోండి. తర్వాతి నెలలోపు జ్వరం గానీ, ఆ చోట వెడల్పయ్యే ఎర్రమచ్చ గానీ వస్తే డాక్టరుకు ఆ తేదీ చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య