అహరోను పతకంలోని నీలం నిజంగా నీలమేనా?

బైబిల్లో రత్నాల మాట రాగానే చాలామంది ఒక్కో రాయికి ఒక్కో అర్థం చెప్పేస్తారు, నీలమంటే పరలోకం, ఎరుపంటే రక్తం అని. చెప్పుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ముందు అది ఏ రాయో తేలాలి కదా!

నిర్గమకాండము 28లో ప్రధాన యాజకుడైన అహరోను ఛాతీ మీద వేసుకునే పతకం ఉంది. జానెడు పొడవు, జానెడు వెడల్పు, వరసకు మూడు చొప్పున 12 రాళ్లు, ఒక్కో రాయి మీద ఒక్కో గోత్రం పేరు ముద్ర చెక్కినట్టు చెక్కాలి. ఈ చెక్కడం దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఆ కాలంలో రాగి లేదా కంచు ములుకును గిరగిరా తిప్పుతూ, దాని కింద గట్టి రాతి పొడి వేసి అరగదీసేవాళ్లు. రాయిని కోసేది లోహం కాదు, ఆ పొడే. అంటే పొడికన్నా మెత్తని రాయే లొంగుతుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కాఠిన్య స్కేలు మీద వజ్రం 10, దాన్ని అరగదీయాలంటే మళ్లీ వజ్రప్పొడే కావాలి. కొన్ని అనువాదాల్లో ఈ పతకంలో వజ్రం కనిపిస్తుంది గానీ, నాకు నమ్మబుద్ధి కాదు.

మొదటి రాయి హీబ్రూలో ఓదెం. ఎరుపు అనే మాటకు చుట్టం. తెలుగు బైబిల్ మాణిక్యం అంది, కానీ అది కార్నీలియన్ అయి ఉండొచ్చు. అది క్వార్ట్జ్ జాతి రాయి, కాఠిన్యం 7లోపే, దాని ఎరుపు తుప్పులో ఉండే ఐరన్ ఆక్సైడ్ వల్లే వస్తుంది. మాణిక్యం ఎరుపు వేరు, అది క్రోమియం పని.

ఇక నీలం. హీబ్రూలో సప్పీర్. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ సఫైర్ గురించి రాస్తూ అందులో బంగారు చుక్కలు మెరుస్తాయంటాడు. ఇప్పటి నీలంలో అలాంటి చుక్కలు ఎక్కడివి? అవి ఉండేది లాపిస్ లాజులి అనే మరో నీలిరంగు రాయిలో, బంగారంలా కనిపించే పైరైట్ రవ్వలు. ప్రాచీన కాలంలో అది ముఖ్యంగా ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల నుంచి వచ్చేది. నిర్గమకాండము 24లో దేవుని పాదాల కింద సప్పీర్ పరిచినట్టుందని చదివినప్పుడల్లా ముదురు నీలం పలక మీద మెరిసే ఆ రవ్వలు, చుక్కల ఆకాశం నా కళ్లముందు కదులుతాయి.

టోపాజ్‌దీ ఇదే గొడవ. ప్లినీ చెప్పిన టోపాజ్ ఆకుపచ్చది, అది నేటి టోపాజ్ కాదు, పెరిడాట్ అనే రాయి అంటారు. ప్రకటన 21లో యాస్పిస్ స్ఫటికంలా తేటగా ఉందంటాడు యోహాను. జాస్పర్ అనే పేరు ఆ గ్రీకు మాట నుంచే వచ్చింది. కానీ ఇప్పటి జాస్పర్‌లోంచి వెలుతురే దూరదు.

మరి అర్థం? పేర్లను హృదయం మీద మోయాలని వాక్యమే చెబుతోంది, రాళ్ల వెల ఊసే లేదు. స్వయంగా యాజక వంశస్థుడైన ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఈ 12 రాళ్ల వరసను రెండు పుస్తకాల్లో రాశాడు, ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవవు!