కార్బ్ ట్యూనింగ్: షెడ్డుల్లో తిరిగే అపోహలు, అసలు సంగతులు

కడపలో పాత బండ్లు విప్పి మళ్లీ కట్టే పని నాది. బుల్లెట్లు, యెజ్డీలు, ఆర్ఎక్స్ 100లు ఎక్కువగా వస్తాయి. ఫ్రేమ్ కోయడం, ట్యాంకు మార్చడం, పెయింటు అన్నీ అయ్యాక స్టార్ట్ చేసే రోజున బండి సరిగ్గా పలకకపోతే అందరూ పెట్రోల్, గాలి కలిపి ఇంజిన్‌కిచ్చే కార్బొరేటర్ (కార్బ్) మీదే పడతారు. నన్నడిగితే కార్బ్ అని నా దగ్గరికొచ్చే జబ్బుల్లో సగం కార్బ్ బయటే ఉంటాయి. జనం గట్టిగా నమ్మే మాటలు కొన్ని తీసుకుని చెప్తాను.

అపోహ: ఐడ్లింగ్ నిలబడకపోతే స్క్రూ తిప్పితే సరిపోతుంది.

"అన్నా, రేస్ వదిలినా దిగడం ల్యా, పైనే కొడ్తాంది, స్క్రూ తిప్పి ఇయ్యి" అంటూ వస్తారు. జ్వరమొస్తే థర్మామీటరు మార్చినట్టుంటుంది ఆ పని. రేస్ పైనే నిలబడిందంటే ముందు కేబుల్ చూడాలి, ఎందుకంటే కస్టమ్ బండ్లలో హ్యాండిల్ మార్చేసి పాత కేబులే తిప్పి తిప్పి పెడతారు, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పగానే అది లాగుకుని రేస్ పెరుగుతుంది. బండి ఐడ్లింగ్‌లో పెట్టి హ్యాండిల్ రెండు పక్కలా తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

కేబుల్ బాగుంటే తర్వాతి అనుమానం ఎక్కడో గాలి లాగుతోందని. కార్బ్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు పైకి నున్నగా కొత్తదానిలా కనిపిస్తుంది, చేత్తో వంచి చూస్తే అడుగున సన్నగా చీలి ఉంటుంది. సొంతంగా కొట్టించిన ప్లేటు పెట్టినచోట గ్యాస్కెట్ సరిగా కూర్చోదు. బండి నడుస్తుండగా స్ప్రే బాటిల్‌తో ఆ జాయింటు మీద కొంచెం నీళ్లు కొట్టండి, సౌండు మారితే లీకు అక్కడే. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు, అది మండే సరుకు, వేడి సైలెన్సర్ పక్కన ఆ ఆట వద్దు. ఆర్ఎక్స్, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బండ్లలో మ్యాగ్నెట్ వైపు క్రాంక్ సీల్ (గాలి దూరకుండా ఆపే రబ్బరు) పోయినా అచ్చం ఇదే లక్షణం. స్పార్క్ కోసం పాయింట్లు ఉన్న పాత బుల్లెట్‌లో ఆ పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 ఎంఎం లేకుండా, టైమింగ్ చూడకుండా కార్బ్ మీద చెయ్యి వేయడం టైం దండగ.

అపోహ: స్క్రూ బిగిస్తే పెట్రోల్ తగ్గి మైలేజ్ పెరుగుతుంది.

ఏ స్క్రూ అన్నది ముందు చూడాలి. ఇక్కడ మాట ఐడ్లింగ్ స్క్రూ గురించి కాదు, మిశ్రమం సెట్ చేసే స్క్రూ గురించి. మికునీ కంపెనీ వీఎం రకం కార్బ్‌లో అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటుంది, గాలిని ఆపుతుంది, కాబట్టి బిగిస్తే మిశ్రమం రిచ్ (గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ) అవుతుంది, అంటే మైలేజ్ కోసం బిగించినవాళ్లు పెట్రోల్ ఇంకాస్త ఎక్కువ తాగిస్తున్నారన్నమాట. స్క్రూ ఇంజిన్ వైపు ఉన్న కార్బ్‌లలో దీనికి రివర్సు. ఎలా ఉన్నా ఆ స్క్రూ పని ఐడ్లింగ్ నుంచి పావు రేస్ దాకానే. హైవే మైలేజ్‌కి దాంతో సంబంధం తక్కువ.

ఇంజిన్ బాగా వేడెక్కాక స్క్రూని మెల్లగా ఆగేదాకా బిగించి (గట్టిగా బిగిస్తే మొన మీద గాడి పడి ఇక పనికిరాదు) ఒకటిన్నర చుట్టు వదలండి. అక్కడినుంచి అటూ ఇటూ తిప్పి ఇంజిన్ ఎక్కడ ఎక్కువ వేగంగా, సాఫీగా తిరుగుతుందో అక్కడ ఆపి, ఐడ్లింగ్ స్క్రూతో వేగం దించుకోవాలి. వీఎం కార్బ్‌లో అర చుట్టు లోపలే బాగుంటే స్లో జెట్ (తక్కువ రేస్‌లో పెట్రోల్ కొలిచే రంధ్రమున్న ఇత్తడి ముక్క) చిన్నది, రెండున్నర మూడు చుట్లు వదిలితే గానీ బాగుండకపోతే పెద్దది.

అపోహ: మెయిన్ జెట్ పెద్దది వేస్తే పికప్ వస్తుంది.

ఎక్కువ రేస్‌లో పెట్రోల్ కొలిచే మెయిన్ జెట్ ముప్పావు రేస్ దాటాక గానీ పూర్తిగా పనిలోకి రాదు. ఏడు రోడ్ల సర్కిల్ ట్రాఫిక్‌లో ముప్పావు రేస్ ఎవరిస్తారు చెప్పండి? టౌన్లో మీకు తెలిసే పికప్ అంతా స్లో జెట్, స్లైడ్ (రేస్ ఇస్తే పైకి లేచే తలుపు) అడుగు కోత, దానికి వేలాడే నీడిల్ చేతిలో ఉంటుంది. నీడిల్ క్లిప్పు కింది గాడిలోకి వేస్తే నీడిల్ పైకి లేచి రిచ్, పై గాడిలోకి వేస్తే లీన్, అంటే పెట్రోల్ తక్కువ. ఒకసారికి ఒక గాడే మార్చండి. నేను రేస్ గ్రిప్పు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టి రాయచోటి రోడ్డు ఎక్కుతాను. గువ్వలచెరువు ఘాట్‌లో సగం రేస్ మీద ఎక్కేటప్పుడు బండి తన్నుకుంటోందా, నీరసంగా గొణుగుతోందా అన్నది నీడిల్ గురించి చెప్పేస్తుంది. పైన పాలకోవా తిని దిగొచ్చు, అది వేరే లాభం.

అపోహ: జెట్ మూసుకుంటే సన్న తీగతో పొడిస్తే చాలు.

ఇత్తడి మెత్తన. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. 0.95 ఎంఎం రంధ్రం 1 ఎంఎం అయితే కంటికి తేడా తెలియదు, వైశాల్యం మాత్రం దాదాపు 11 శాతం పెరుగుతుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, పోకపోతే కొత్తది వేయండి.

అపోహ: ఫిల్టర్ డబ్బా పీకేస్తే పవర్ పెరుగుతుంది.

పెరిగేది సౌండు. ఆ డబ్బా దుమ్ము ఆపడంతో పాటు గాలిని నిలకడగా ఉంచుతుంది, తీసేస్తే పక్కగాలి కొట్టినప్పుడల్లా కార్బ్ లెక్క తప్పుతుంది. ఇక దుమ్ము సంగతి: మనది బండలు కోసి పాలిష్ పట్టే ప్రాంతం, ఎర్రగుంట్ల వైపు పోయినా బేతంచెర్ల వైపు పోయినా గాల్లో రాతిపొడే. జాలీ లాంటి చౌక ఫిల్టర్ పెట్టి ఆ రోడ్లలో తిప్పితే బోరు అరిగిపోతుంది. లుక్ కోసం డబ్బా తీయాల్సిందే అంటే మంచి ఫోమ్ ఫిల్టర్ పెట్టి, మెయిన్ జెట్ నుంచి అన్నీ మళ్లీ చూసుకోవాలి.

పెద్ద కార్బ్ కథా ఇంతే. ఆర్ఎక్స్ 100కి నోరు 28 ఎంఎం ఉన్న కార్బ్ తగిలిస్తే తక్కువ రేస్‌లో గాలి వేగం పడిపోయి, పెట్రోల్‌ని సరిగా లాగలేక కింద పికప్ చచ్చిపోతుంది.

అపోహ: టూ స్ట్రోక్‌లో ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తే సేఫ్.

యెజ్డీ వాళ్లకి ఇది మతం లాంటిది. జెట్‌లోంచి పోయేది ఆయిల్ కలిసిన పెట్రోల్, అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది, మిశ్రమం లీన్ అవుతుంది. కాబట్టి ఆయిల్ లెక్క ముందు ఒకటి ఖాయం చేసుకుని, ఆ తర్వాతే జెట్లు చూడాలి.

అపోహ: ప్లగ్ చాక్లెట్ రంగులో ఉంటే ట్యూనింగ్ పర్ఫెక్ట్.

ట్రాఫిక్‌లో తిరిగొచ్చి, ఐడ్లింగ్‌లో ఉంచి ఆపి తీసిన ప్లగ్ మెయిన్ జెట్ గురించి ఏమీ చెప్పదు. కొత్త ప్లగ్ వేసి, ఖాళీ రోడ్డు మీద కావలసిన రేస్‌లో కొంతసేపు పోయి, అక్కడే క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి విప్పి చూస్తే దానికో అర్థం ఉంటుంది. అప్పుడు కూడా రంగు ఒక్కటే నమ్మొద్దు.

అపోహ: కంపెనీ పుస్తకంలో ఉన్న జెట్ నంబరే కరెక్టు.

అప్పట్లో కరెక్టే. ఆర్ఎక్స్ 100, పాత యెజ్డీ రెండూ 1996లో ఆగిపోయాయి, ఆ నంబర్లు ఆనాటి పెట్రోల్‌కి రాసినవి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మామూలు పెట్రోల్ కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గర చాలు, అంటే అదే జెట్ మీద బండి లీన్ నడుస్తుంది. మన ఎండ దీన్ని కొంత కప్పేస్తుంది, 42 డిగ్రీల్లో గాలి పల్చబడి బండి రిచ్ వైపు జరుగుతుంది. మే నెల మధ్యాహ్నం బ్రహ్మాండంగా సెట్ చేసిన టూ స్ట్రోక్ డిసెంబరు తెల్లవారుజామున హైవే ఎక్కితే లీన్ అయ్యి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది, అందుకే ఎండాకాలంలో కట్టిన బండిని కొంచెం రిచ్‌గానే వదులుతాను.

ఈ20 తేమ కూడా లాగుతుంది. రెండు మూడు వారాలు బండి కదలకుండా ఉండేట్టయితే పెట్రోల్ కాక్ మూసి ఫ్లోట్ గిన్నె (కార్బ్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) ఖాళీ చేయండి. టూ స్ట్రోక్‌ని మాత్రం ఇంజిన్ తిప్పి ఎండగట్టొద్దు, ఆఖరి చుక్కల్లో లీన్ అవుతుంది, ఆయిలూ అందదు. కింద డ్రెయిన్ స్క్రూ విప్పి వంపేయండి.