లారీకి రెండు బ్యాటరీలెందుకు, బుజ్జీ?

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి, మీ కింది వాటా పిల్లలకు కూడా తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు హైదరాబాదు వెళ్లి పది రోజులైనా నాయనమ్మ ఇంకా మీ ఇద్దరి పాలు కూడా కాస్తూనే ఉంది.

బుజ్జీ, దసరా నాడు పొద్దున్నే బాబాయి లారీ కడుగుతుంటే మీరిద్దరూ గుడ్డముక్కలు పట్టుకుని వచ్చారు. బ్యాటరీ పెట్టె మూత తీసి ఉంది. నువ్వు చేతిలో ఉన్న స్పానర్‌ని ఆ రెండు బ్యాటరీల మీద పెట్టబోయావు. నేను ఎంత గట్టిగా అరిచానంటే వీధి చివర టీకొట్టు దగ్గరివాళ్లు కూడా తిరిగి చూశారు. నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపయ్యాక, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నప్పుడు నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగావు, "తాతయ్యా, నాన్న కారుకి ఒక బ్యాటరీ చాలు కదా, లారీకి రెండెందుకు?" అని. ఈలోగా కొబ్బరికాయ కొట్టారు, బండి కదిలింది, నీ ప్రశ్న అక్కడే ఉండిపోయింది. నన్ను మాత్రం వదల్లేదు. ఆ అరుపుకీ, నీ ప్రశ్నకీ కలిపి ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

మీరు గూడ చూసి ఉండరు. నా చిన్నప్పుడు మా ఊరు కాలువ చివర ఉండేది. అక్కడికి వచ్చేసరికి కాలువలో నీళ్లు అడుగున పారేవి, చేలు మాత్రం మెరక మీద ఉండేవి. నీళ్లు ఎక్కించాలంటే గూడ వేయాలి. గూడ అంటే తాళ్లు కట్టిన ఒక రేకు బుట్ట. చెరో వైపు ఒక మనిషి నిలబడి, తాళ్లు పట్టుకుని, వంగి బుట్టను నీళ్లలో ముంచి, వెనక్కి వాలుతూ పైకి విసిరితే నీళ్లు గట్టు దాటి పడతాయి. రోజంతా అదే పని.

మా చేను ఒక గూడకు అందేంత ఎత్తులో లేదు. అందుకని మధ్యలో ఒక గుంట తవ్వారు. కింద మా నాన్న, అమ్మ కాలువలోంచి గుంటలోకి తోడేవాళ్లు. పైన పెదనాన్న, మా పెద్దన్నయ్య గుంటలోంచి చేలోకి తోడేవాళ్లు. కింది గూడ సగం ఎత్తు, పై గూడ సగం ఎత్తు. ఏ గూడ బలం ఆ గూడదే, కానీ రెండూ కలిస్తే నీళ్లు రెండింతల ఎత్తు ఎక్కాయి.

లారీలో రెండు బ్యాటరీలు చేసే పని అదే. ఒక్కొక్కటి 12 వోల్టులు. వోల్టులంటే గూడ నీళ్లను ఎక్కించే ఎత్తు లాంటివి. మొదటిదాని మైనస్‌ని రెండోదాని ప్లస్‌కి ఒక పొట్టి కేబులుతో కలుపుతారు. ఆ పొట్టి కేబులే మా గుంట అనుకోండి. మిగిలిన రెండు కొసల మధ్య 24 వోల్టులు వస్తాయి. దీన్ని సిరీస్ అంటారు.

అంత ఎత్తు ఎందుకు అంటారా? లారీ ఇంజను బరువైనది. దాన్ని మొదట తిప్పి లేపే చిన్న మోటారుని మేము సెల్ఫ్ అంటాం. ఆ సెల్ఫ్ 3,000 వాట్లదైతే, 12 వోల్టులతో తిప్పడానికి 250 ఆంపియర్ల కరెంటు పారాలి. 24 వోల్టులైతే 125 చాలు. తీగలో పారేది సగమైతే తీగ వేడెక్కడం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. చిట్టీ, ఈ లెక్క నీకు పైతరగతిలో వస్తుంది. నేను లెక్క నేర్వకముందే చేత్తో పట్టుకుని తెలుసుకున్నాను, ఏ కేబులు కాలుతోందో, ఏది చల్లగా ఉందో.

గూడలు రెండూ పక్కపక్కన ఒకే గట్టు మీద వేస్తే? ఎత్తు పెరగదు, నీళ్లు రెండింతలు పడతాయి. అలా ప్లస్‌ని ప్లస్‌తో, మైనస్‌ని మైనస్‌తో కలిపితే 12 వోల్టులే ఉంటాయి, నిల్వ మాత్రం రెట్టింపు. కొన్ని బళ్లకు అదీ అవసరమే. మీకు ఒక్కటి గుర్తుంటే చాలు. పొట్టి కేబులుతో కలిపిన జంటకు మిగిలిన రెండు కొసల్ని ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. బుజ్జీ, నీ స్పానర్ ఆ రోజు సరిగ్గా ఆ రెండు కొసల మీదకే వెళుతోంది.

ఇంకో సంగతి. రెండు గూడల్లోనూ ఒకే నీళ్లు పారాలి. ఒక ఏడాది పెదనాన్నకు జ్వరమొస్తే ఆయన చోట నన్ను నిలబెట్టారు. నాకు పదకొండేళ్లు. కింద నాన్న వేగంగా తోడుతున్నాడు, పైన నేను ఎత్తలేకపోతున్నాను. గుంట నిండి పొర్లిపోయింది. ఆ పూట చేనుకు అందింది నేను ఎత్తగలిగినన్ని నీళ్లే, నాన్న ఎత్తినన్ని కాదు. పాత బ్యాటరీ పక్కన కొత్త బ్యాటరీ పెట్టేవాళ్లకు నేను నలభై ఏళ్లు ఇదే చెప్పాను. మారిస్తే రెండూ మార్చండి, ఒకే రకం, ఒకే సైజు, ఒకే వయసు ఉండాలి అని. పెట్టేముందు విడివిడిగా పూర్తిగా చార్జి చేసి, కొన్ని గంటలు ఆగి మీటరు పెట్టి చూస్తాను. ఒక్కోటి 12.6 దగ్గర చూపించాలి. ఒకటి 12.6, ఇంకొకటి 12.2 అంటే అది జత కాదు.

మా గుంట దగ్గర జరిగినది ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. పక్క చేనాయన గుంట గట్టుకు చిన్న గండి కొట్టి తన కూరపాదులకు నీళ్లు మళ్లించుకున్నాడు. పై గూడకు తెలియలేదు. చేనుకు ఎప్పటిలాగే నీళ్లు అందుతున్నాయి. నాన్న, అమ్మ మాత్రం ఆ నీళ్లు కూడా తోడుతున్నారు. రాత్రి నాన్న అన్నం కలపబోతే భుజం లేవలేదు. అమ్మ కలిపి ముద్దలు పెట్టింది. కారణం ఏమిటో మాకు నాలుగో రోజుకు గానీ తెలియలేదు.

లారీల్లో ఈ గండి ఎక్కడ పడుతుందో తెలుసా? పాటలపెట్టెకు, ఫోను చార్జరుకు 12 వోల్టులు కావాలి. పెద్ద మనిషి ఎవరో వచ్చి జంటలో ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగేస్తాడు. పాట వస్తుంది, డ్రైవరు సంతోషిస్తాడు. ఆ ఒక్క బ్యాటరీ మీదే భారం పడుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు సుమారు 28 వోల్టులతో ఆ జంటను తిరిగి నింపుతుంది కదా, అది రెండిటికీ సమానంగానే పంపుతుంది. రాత్రి ఇద్దరికీ ఒకే కొలతలో అన్నం పెట్టినట్టన్నమాట. ఎక్కువ కష్టపడినవాడికి ఆకలి తీరదు, రెండోవాడికి అరగదు. ఒకటి ఎప్పుడూ సగం ఖాళీగా ఉండి పాడవుతుంది. రెండోది పొంగి, లోపలి నీళ్లు బుడగలై ఇంకిపోతాయి. ఏడాది తిరక్కుండా రెండూ పోతాయి. పాటలు వినొద్దని ఎవరికీ చెప్పను, రాత్రంతా నడిపేవాడికి పాట కావాలి. 24ని 12గా మార్చే కన్వర్టరు పెడితే అది రెండిటి నుంచీ సమానంగా తీసుకుంటుంది. బాబాయి లారీలో సీటు వెనకున్న నల్లడబ్బా అదే.

ఇప్పుడు నా అరుపు సంగతి. నా కుడిచేతి అరచేతిలో మచ్చ ఉంది కదా, చిట్టి ఎప్పుడూ వేలు పెట్టి తడుముతుంది. 1971లో నాకు పదహారేళ్లు, ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఒక లారీ బ్యాటరీలు దించమన్నారు. తొందరలో ప్లస్ క్లాంపు ముందు విప్పబోయాను. స్పానర్ రెండో కొస చాసీకి, అంటే లారీ ఇనుప చట్రానికి తగిలింది. నీలంగా ఒక మెరుపు. ఇనుము కరిగిన వాసన. చెయ్యి విడిపించుకునేలోపే స్పానర్ కాలిన పెనమైపోయింది. దాని కొస ఎలుక కొరికినట్టు గుంట పడింది. మేస్త్రి నా చెయ్యిని నీళ్ల తొట్లో ముంచి పట్టుకున్నాడు, ఒక్క మాట తిట్టలేదు. కట్టు కట్టించాక ఒకటే వాక్యం వందసార్లు చెప్పించాడు. "మైనస్ ముందు తియ్యి, మైనస్ చివర పెట్టు."

ఎందుకంటే లారీ ఇనుమంతా మైనస్‌కి కట్టి ఉంటుంది. దాన్నే ఎర్త్ అంటాం. మైనస్ ఉండగా ప్లస్ విప్పితే, స్పానర్ చుట్టూ ఉన్న ప్రతి ఇనుప ముక్కా ప్రమాదమే. మైనస్ ముందే తీసేస్తే ఆ ఇనుము ఉత్త ఇనుము, తగిలినా ఏమీ కాదు. అందుకే బిగించేటప్పుడు కూడా ముందు బ్యాటరీలు ట్రేలో కదలకుండా పట్టీ వేసి, పొట్టి కేబులు, తర్వాత ప్లస్ లావు కేబులు, దానికి ఎర్ర తొడుగు, అన్నిటికన్నా చివర చాసీకి వెళ్లే మైనస్. ప్లస్ నుంచి సెల్ఫ్‌కి కాక వేరే దేనికి తీగ లాగినా ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టాలి. మూరెడు దూరంలో పెడితే ఆ మూరెడు తీగను కాపాడేది ఏదీ ఉండదు. ఆ తర్వాత నేను ఎప్పుడూ చేతికి గడియారం, ఉంగరం ఉంచుకుని బ్యాటరీ ముట్టలేదు. నా స్పానర్లన్నిటికీ సైకిలు ట్యూబు తొడిగాను. మీ నాయనమ్మ పెట్టిన పెళ్లి ఉంగరం ముప్పై ఏళ్లు షాపులో మేకుకే వేలాడింది.

చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ బుడగలు వస్తాయి. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినా నిప్పు తగిలితే పేలుతుంది. రాత్రిపూట నీళ్లు ఉన్నాయో లేవో చూడ్డానికి అగ్గిపుల్ల గీసిన క్లీనరు కుర్రవాణ్ని నేను చూశాను. కళ్లు దక్కాయి, అది దేవుడి దయ. చూడాలంటే టార్చిలైటు వాడాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి.

చిట్టి ఒకసారి అడిగింది, కరెంటు లోపల ఎక్కడుంటుంది అని. చేపల వలకు కట్టే సీసం గుళ్లు చూశారుగా, అదే సీసం. పలకలుగా పోసి, యాసిడ్ కలిపిన నీళ్లలో ముంచి ఉంచుతారు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన మొదట చేసి చూపించాడు. ఇప్పటికీ లారీలు లేచేది దాదాపు ఆ సీసంతోనే. కరెంటు ఇచ్చేకొద్దీ రెండు రకాల పలకలూ ఒకే తెల్లటి పదార్థంగా మారుతూ వస్తాయి. తిరిగి నింపితే ఏ పలక ఆ పలక అవుతుంది. దాని వెనక సమీకరణాలు మీ సైన్సు టీచరుగారు చెబుతారు. నేను మాత్రం ఎన్ని వేల బ్యాటరీలు ముట్టానో, చల్లగా, చప్పుడు లేకుండా ఉన్న ఆ పెట్టె పది టన్నుల బండి ఇంజన్ని ఒక్క ఊపున లేపుతుంటే ప్రతిసారీ చేతిలో పని ఆపి చూశాను.

మీ అపార్ట్‌మెంటుకు నీళ్ల ట్యాంకరు వస్తుంది కదా. ఈసారి పెద్దది వచ్చినప్పుడు నాన్నని వెంటబెట్టుకుని కిందికి వెళ్లండి. డ్రైవరు అన్నని మర్యాదగా అడిగి బ్యాటరీ పెట్టె చూపించమనండి. చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి, బుజ్జీ, తాతయ్య దగ్గర లేడు. బ్యాటరీలు ఎన్నో లెక్కపెట్టండి. రెండుంటే ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లే పొట్టి కేబులు ఏదో వెతకండి. చాసీకి వెళ్లే తీగ ఏ బ్యాటరీ నుంచి బయలుదేరిందో చూడండి. మధ్యలో ఎవరైనా గండి కొట్టారేమో కూడా చూడండి.

చీకటి పడ్డాక వస్తే ఇంకా మంచిది. డ్రైవరు సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజను వైపు చూడకండి, క్యాబిన్ లోపల వెలుగుతున్న లైటుని చూడండి. ఒక్క క్షణం దానికి ఏదో అవుతుంది. ఏమైందో, ఎందుకైందో మీరిద్దరూ కూర్చుని ఆలోచించి నాకు ఉత్తరం రాయండి. ఫోన్లో చెప్పొద్దు.

మీ నాన్నకూ అమ్మకూ ఆశీస్సులు.

మీ
తాతయ్య
విజయవాడ